‘ఆరెంజ్’ అన్న మాటకు మన ‘నారింజ’తో ఉన్న చుట్టరికం ఎలాంటిది?

ప్రశ్న: భ్రమరాంబ (ఒంగోలు)

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధిస్తాను. అచ్చుతో మొదలయ్యే మాటకు ముందు ‘ఎ’ బదులు ‘ఆన్’ రావాలని చెప్పేటప్పుడు ‘ఆన్ ఆపిల్’ తర్వాత ‘ఆన్ ఆరెంజ్’ అన్న ఉదాహరణే అందరి నోటా వస్తుంది. ఈ మాట గురించి విస్తృతంగా ప్రచారంలో ఉన్న ఒక వివరణ మీద నాకు గురి కుదరడం లేదు. పూర్వం ఇంగ్లీషులో ఈ పండు పేరు ‘నోరెంజ్’ అనీ, ‘ఎ నోరెంజ్’ అని జనం పలుకుతూ ఉండగా అందులోని నకారం ముందున్న ‘ఎ’కు అతుక్కుపోయి ‘ఆన్ ఆరెంజ్’ అయిందనీ ఆ వివరణ సారాంశం. ఇలాంటివి పిల్లలకు ఒకసారి చెబితే చాలు, పెద్దయ్యాక కూడా మరిచిపోరు. అందుకే నిజానిజాలు తేల్చుకోకుండా తరగతిలో చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు.

దీనితోపాటు మరో రెండు సందేహాలు ఉన్నాయి. ఈ మాటకు మూలం ద్రావిడ భాషల్లో ఉందని కొందరు, సంస్కృతంలో ఉందని మరికొందరు రాస్తున్నారు. మన ‘నారింజ’ దానికి తల్లి అవుతుందా, చెల్లెలు అవుతుందా? అలాగే, పండు పేరు రంగుకు వచ్చిందా, రంగు పేరు పండుకు వచ్చిందా? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా మనవి.

సమాధానం: వేంకటేశ్వర్లు (హైదరాబాదు)

భ్రమరాంబ గారూ, మీ అనుమానం సరైనదే. మాట మొదట్లో నకారం ఉండేదన్నదీ, అది పోయిందన్నదీ నిజమే గాని, అది పోయింది ఇంగ్లీషు గడ్డ మీద కాదు. ఇంగ్లీషువారు ఈ మాటను 14వ శతాబ్దిలో పాత ఫ్రెంచి నుంచి తీసుకున్నారు. అప్పటి ఫ్రెంచిలోనే అది ‘ఒరెంజ్’ అన్న రూపంలో, నకారం లేకుండా ఉంది. ఇంగ్లీషులోకి అడుగుపెట్టక ముందే రాలిపోయిన అక్షరాన్ని ఇంగ్లీషు ఆర్టికల్ లాగేసుకుందని చెప్పడం పొసగదు.

మరి ఎక్కడ పోయింది? ఇటాలియన్, ఫ్రెంచి భాషల పరిసరాల్లో పోయింది. ఇటాలియన్‌లో ‘ఒక’ అన్న అర్థంలో స్త్రీలింగ పదాల ముందు ‘ఉనా’ వస్తుంది. పాత రూపం ‘నరాంచా’కు ముందు ‘ఉనా’ చేరితే నకారం రెండు సార్లు పలకవలసి వస్తుంది కాబట్టి, వినేవారికి ఏ నకారం ఏ మాటదో తెలియక, క్రమంగా ‘అరాంచా’ అన్నదే అసలు మాటగా స్థిరపడింది. ఫ్రెంచిలోని ‘ఉన్’ విషయంలోనూ ఇలాగే జరిగి ఉండవచ్చు. అంటే మీరు విన్న కథలో సూత్రం సరిగానే ఉంది, దాన్ని తెచ్చి తప్పు భాషకు అంటగట్టారు.

ఫ్రెంచి రూపంలో ముందు ‘అ’ బదులు ‘ఒ’ రావడానికి మరో కారణం చెబుతారు. ఫ్రెంచిలో బంగారాన్ని ‘ఓర్’ అంటారు. దాని లాటిన్ మూలం ‘ఔరుమ్’. బంగారు వన్నె పండు కనుక జనం మనసులో ఆ మాట వచ్చి దీనితో కలిసిపోయింది. మధ్యయుగపు లాటిన్‌లో ఈ పండును ‘ఔరాంటియుం’ అని రాయడం, పుల్ల నారింజకు వృక్షశాస్త్రం ఈనాటికీ ‘సిట్రస్ ఔరాంటియం’ అన్న పేరు వాడడం ఆ కలయికకు గుర్తులే.

నకారం పోగొట్టుకోని భాషలు కూడా పక్కనే ఉన్నాయి. స్పానిష్‌వారు ‘నరాంహా’ అంటారు, హంగేరీవారు ‘నరాంచ్’ అంటారు. పోర్చుగీసువారు మొదటి నకారాన్ని లకారం చేసి ‘లరాంజా’ అంటారు. ఈ మూడింటినీ ఫ్రెంచి రూపం పక్కన పెట్టి చూస్తే మాటకు మొదట నకారం ఉండేదని వేరే సాక్ష్యం అక్కరలేకుండానే తెలుస్తుంది.

తరగతిలో ఈ మార్పును చూపించాలని మీకు ఉంటే, నిజంగా ఇంగ్లీషులోనే జరిగిన ఉదాహరణలు కావలసినన్ని ఉన్నాయి. వంట చేసేటప్పుడు కట్టుకునే ‘ఏప్రన్’ ఒకప్పుడు ‘నేప్రన్’. ‘ఆడర్’ అనే పాము పేరు మొదట ‘నాడర్’. అన్నిటికన్నా మన పిల్లలకు దగ్గరి మాట ‘అంపైర్’. పాత ఫ్రెంచిలో ‘నోంపేర్’ అంటే జతకు చెందనివాడు, అనగా ఇరుపక్షాల్లో దేనికీ చెందని మూడో మనిషి అని అర్థం. అది ఇంగ్లీషులోకి నకారంతోనే వచ్చి, ఆ తర్వాత ‘ఎ’ అన్న ఆర్టికల్‌కు తన నకారాన్ని ఇచ్చుకుని ‘ఆన్ అంపైర్’ అయింది. దీనికి తలకిందులుగా జరిగినవి కూడా ఉన్నాయి. ‘ఎక్’ అంటే అదనపు అని అర్థం కాగా, ‘ఆన్ ఎక్‌నేమ్’ అన్నది విడిపోవడంలో తేడా వచ్చి ‘ఎ నిక్‌నేమ్’ అయింది. ఒక సంధిని తప్పుగా విడదీస్తే కొత్త మాట పుడుతుందని చూపడానికి ఈ రెండూ ఎదురెదురుగా నిలిచే ఉదాహరణలు.

సమాధానం: భానుమతి (చెన్నై)

వేంకటేశ్వర్లు గారు యూరప్ వైపు దారి అంతా చెప్పారు కనుక, నేను అక్కడి నుంచి తూర్పుకు నడుస్తాను. యూరప్ భాషలకు ఈ మాటను ఇచ్చింది అరబిక్‌లోని ‘నారంజ్’. అరబ్బులు సిసిలీలోను స్పెయిన్‌లోను పుల్ల నారింజ తోటలు నాటారు. మొక్కతో పాటే మాట కూడా వెళ్ళింది. అరబ్బులకు అది పారశీకంలోని ‘నారంగ్’ నుంచి, పారశీకులకు సంస్కృతంలోని ‘నారంగ’ నుంచి చేరింది. ఇంతవరకు పండితుల మధ్య పెద్ద తగవు లేదు.

తగవంతా సంస్కృతానికి ముందు ఏముందన్న దగ్గరే ఉంది. ‘నారంగ’ శబ్దాన్ని సంస్కృత ధాతువుల నుంచి సాధించిన వివరణలు ఏవీ సంతృప్తికరంగా లేవు. దక్షిణాది భాషల్లో మాత్రం ఇలాంటి మాటలు ఒక కుటుంబంగా కనిపిస్తాయి. మనం దబ్బకాయ అనేదాన్ని తమిళులు ‘నార్త్తంగాయ్’ అంటారు. గ్రంథాల్లో దాని రూపం ‘నారత్తై’. మలయాళంలో ‘నారంగ’ అంటే నిమ్మకాయ. ప్రాచీన తమిళ కావ్యాల్లో సువాసన గల మొక్కకు ‘నరందం’ అన్న పేరు ఉంది. అందువల్ల సంస్కృతమే దక్షిణాది నుంచి ఈ మాటను స్వీకరించిందని ఎక్కువమంది వ్యుత్పత్తికారులు భావిస్తున్నారు. నాకూ ఆ వాదమే బలంగా కనిపిస్తుంది.

అయితే ఈ వాదాన్ని సమర్థించడానికి తరచూ చెప్పే ఒక మాటను మాత్రం నేను అంగీకరించలేను. తమిళంలో వాసనకు ‘నాఱు’ అన్న ధాతువు ఉంది కాబట్టి నారింజ అంటే పరిమళించేది అని అర్థం చెబుతారు. పాత తమిళంలో ఈ ధాతువుకు సువాసన అన్న అర్థం ఉన్న మాట నిజం. మన ‘కంపు’కు జరిగినట్టే ఇప్పుడది దుర్వాసనకు పరిమితమైపోయింది. కాని అందులో ఉన్నది బండి ఱ. ‘నారత్తై’, ‘నరందం’ మాటల్లో ఉన్నది మామూలు రేఫ. తమిళంలో ఈ రెండూ వేర్వేరు ధ్వనులు. ఒకదాని స్థానంలో మరొకదాన్ని కారణం చూపకుండా పెట్టుకుంటూ పోతే ఏ మాటనైనా ఏ మాట నుంచైనా పుట్టించవచ్చు. మూలం ద్రావిడం అనడానికి ఈ పరిమళపు కథ అవసరం లేదు.

ఇక మన ‘నారింజ’. భ్రమరాంబ గారు తల్లా చెల్లెలా అని అడిగారు. చెల్లెలే అని నా అభిప్రాయం, అదీ ఊరంతా తిరిగి ఇంటికి వచ్చిన చెల్లెలు. సంస్కృతం నుంచి నేరుగా వచ్చిన ‘నారంగము’ మన నిఘంటువుల్లో వేరుగా ఉంది. ‘నారింజ’లో గకారం లేదు, జకారం ఉంది. అరబిక్‌లో గకార ధ్వని లేదు కాబట్టి పారశీక పదాల్లోని గకారం ఆ భాషలో జకారమవుతుంది. వంకాయకు పారశీకంలో ‘బాదింగాన్’ అని పేరు. అది అరబిక్‌లో ‘బాదింజాన్’ అయింది. దాన్ని పోర్చుగీసువారు ‘బెరింజేలా’ చేసుకుని మన దేశానికి తిరిగి తెస్తే ఇక్కడి ఇంగ్లీషులో ‘బ్రింజాల్’ అయింది. వంకాయ పుట్టిల్లయిన దేశంలో వంకాయకు మనం వాడే ఇంగ్లీషు మాట లిస్బన్ మీదుగా వచ్చిందన్నమాట! ‘నారింజ’లోని జకారం కూడా అరబ్బుల నాలుక మీద పుట్టిందే. ఆ రూపాన్ని పారశీకులు కూడా ‘నారెంజ్’ అని మళ్ళీ తమ భాషలోకి తీసుకున్నారు. దక్కనులో శతాబ్దాల పాటు పారశీకం పాలనాభాషగా చలామణి అయింది కనుక, బహుశా ఆ దారినే అది తెలుగులోకి వచ్చి ఉంటుంది. కాబట్టి ద్రావిడ మూలానికి సాక్ష్యంగా ‘నారింజ’ను చూపేవారు జాగ్రత్తపడాలి. ఆ పనికి తమిళ, మలయాళ రూపాలే తగినవి.

ఇంకొక్క విషయం. 2018లో వెలువడిన జన్యు పరిశోధన ఒకటి ఈ జాతి మొక్కల పుట్టుకను హిమాలయాల ఆగ్నేయ పాదప్రాంతంలో, అస్సాం తూర్పు భాగం, ఉత్తర మయన్మార్, పశ్చిమ యునాన్ దగ్గర నిర్ణయించింది. మొక్క ఈశాన్యానిది, మాట దక్షిణాదిది అంటే కొందరికి వింతగా తోచవచ్చు. కాని పైన చెప్పిన భాషల్లో ఒకే మాట ఒకచోట నిమ్మకు, ఒకచోట దబ్బకు, ఒకచోట నారింజకు పేరుగా నిలిచింది చూడండి. తమ దగ్గర అప్పటికే ఉన్న పుల్లని కాయ పేరును కొత్తగా వచ్చిన కాయకు పెట్టుకోవడం జనానికి అలవాటే.

సమాధానం: ప్రసాద్ (స్వస్థలం అనంతపురం, ప్రస్తుతం నెదర్లాండ్స్)

భానుమతి గారు చివర చెప్పిన మాటకు కొనసాగింపుగా రాస్తున్నాను. పైన చెప్పిన ప్రయాణమంతా పుల్ల నారింజది. ఈనాడు మనం తినే తియ్యని పండు యూరప్‌కు చాలా ఆలస్యంగా, 15, 16 శతాబ్దాల్లో చేరింది. దాన్ని విస్తారంగా వ్యాపింపజేసినవారిలో పోర్చుగీసు నావికులు ముఖ్యులు. ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్ భాషలు కొత్త పండుకూ పాత పేరునే సరిపెట్టుకున్నాయి. తక్కిన చాలా భాషలు కొత్త పేరు పెట్టాయి. ఆ పేర్లు చదువుతుంటే పండు ఏ ఓడలో ఏ రేవు నుంచి వచ్చిందో చదివినట్టే ఉంటుంది.

గ్రీకులు దీన్ని ‘పోర్తొకాలి’ అంటారు, తుర్కులు ‘పోర్తకాల్’ అంటారు, అరబ్బులు ‘బుర్తుఖాల్’ అంటారు. అన్నీ పోర్చుగల్ దేశం పేరే. యూరప్‌కు ‘నారంజ్’ను అందించిన అరబ్బులే తియ్యని పండుకు పోర్చుగల్ పేరు పెట్టుకున్నారు. ఇరాన్‌లోనూ ఇదే వరస: తియ్యనిది ‘పోర్తెఖాల్’, పాత ‘నారెంజ్’ పుల్లనిదానికి మిగిలింది. నేను ఉంటున్న నెదర్లాండ్స్‌లో పండు పేరు ‘సినాస్‌ఆపెల్’, అంటే చైనా ఆపిల్. రష్యన్‌లోని ‘అపెల్సిన్’, జర్మన్‌లోని ‘అప్‌ఫెల్‌జీనె’ కూడా చైనా ఆపిళ్ళే. ప్యూర్టో రికో ద్వీపంలో స్పానిష్ మాట్లాడేవారు ఆపిల్‌ను కూడా వదిలేసి ఉట్టి ‘చీనా’ అంటారు.

ఈ చివరి మాట వినగానే మా సీమవారికి ఏది గుర్తుకు వస్తుందో వేరే చెప్పనక్కరలేదు. అనంతపురం, కడప జిల్లాల్లో ఈ పండు ‘చీనీకాయ’, తోట ‘చీనీతోట’. నల్లగొండలోను, కోస్తాలోను అదే పండును ‘బత్తాయి’ అంటారు. బత్తాయి అన్నది బటేవియా నుంచి వచ్చిన మాట. నేటి జకార్తాకు డచ్చివారు పెట్టిన పేరు బటేవియా. బెంగాలీలు పంపరపనసను ‘బాతాబి లేబు’ అనడంలో ఉన్నది కూడా ఆ రేవు పేరే. ఒకే పండుకు సీమలో చైనా పేరు, నల్లగొండలో జావా రేవు పేరు ఉండగా, ‘అచ్చమైన తెలుగు పేరు ఏది’ అని వాదించుకోవడం కన్నా ఈ రెండు పేర్లనూ రెండు ఓడదారులుగా చదువుకోవడం నాకు ఇష్టం. నెల్లూరు వైపు వినిపించే ‘కిచ్చిలి’, కన్నడంలోని ‘కిత్తళె’ మరో జట్టు. వాటికి ఈ ‘నారంగ’ కుటుంబంతో సంబంధం లేదు.

డచ్చి భాషలో మరో విశేషం ఉంది. పండు ‘సినాస్‌ఆపెల్’ అయినా రంగు మాత్రం ‘ఒరాన్యె’. ఇక్కడి రాజవంశం పేరు కూడా అదే. ఏప్రిల్ 27న రాజు పుట్టినరోజు వస్తే ఊళ్ళన్నీ ఆ రంగులో మునిగిపోతాయి.

తిరుగు ప్రశ్న: భ్రమరాంబ (ఒంగోలు)

అందరికీ కృతజ్ఞతలు. అంపైర్ ఉదాహరణను ఈ వారమే తరగతిలో వాడతాను. ప్రసాద్ గారి చివరి మాటతో కొత్త సందేహం వచ్చింది. ఆ రాజవంశానికి పేరు ఈ పండు నుంచి వచ్చిందా? రంగు గురించిన నా మొదటి ప్రశ్న కూడా మిగిలే ఉంది.

సమాధానం: రహీమున్నీసా (కర్నూలు)

భ్రమరాంబ గారూ, రాజవంశం పేరు పండు నుంచి రాలేదు. దక్షిణ ఫ్రాన్సులో, రోన్ నది లోయలో, అవిన్యోన్‌కు దగ్గరగా ‘ఒరాంజ్’ అనే ఊరు ఉంది. రోమన్ల కాలపు రంగస్థలం అక్కడ ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ ఊరి పాత పేరు ‘అరౌసియో’. అది కెల్టుల జలదేవత పేరు. యూరప్ ఈ పండును ఎరగక ముందు నుంచీ ఆ పేరు ఉంది. కాలక్రమంలో ఊరి పేరు అరుగుతూ, పండు పేరు మారుతూ వచ్చి, రెండూ ఒకే ఉచ్చారణ దగ్గర కలుసుకున్నాయి. ఆ ఊరి చుట్టూ ఒక చిన్న సంస్థానం ఉండేది. 1544లో దాని ప్రభువు యుద్ధంలో మరణించగా, వీలునామా ప్రకారం అది నసావ్ వంశానికి చెందిన 11 ఏళ్ళ విలియంకు సంక్రమించింది. తరువాతి కాలంలో స్పెయిన్ మీద డచ్చివారి తిరుగుబాటును నడిపించినవాడు ఈయనే. ఊరి పేరు వంశం పేరయింది. వంశం పేరు పండు పేరులా వినిపించడం వల్ల ఆ రంగు వంశ చిహ్నమయింది.

ఆ వంశంవాడైన మూడవ విలియం 1689లో ఇంగ్లండుకు రాజై, మరుసటి ఏడాది ఐర్లండులో బోయిన్ నది దగ్గర కాథలిక్ రాజు రెండవ జేమ్స్‌ను ఓడించాడు. అప్పటి నుంచి ఐర్లండులో ఆ రంగు ప్రొటెస్టెంట్ల గుర్తు. ఐర్లండు జెండాలో ఆకుపచ్చకు ఎదురుగా అది ఉండడానికి కారణం ఇదే. దక్షిణాఫ్రికాలోని ఆరెంజ్ నదికి కూడా నీటి రంగును బట్టి గాక, ఈ వంశం గౌరవార్థమే 1779లో ఆ పేరు పెట్టారు. అంటే జెండాలోని రంగుకూ, నది పేరుకూ వెనుక ఉన్నది పండు పేరుతో ఉచ్చారణ కలిసిన ఆ ఊరే.

ఇక ఇంగ్లీషులో రంగు సంగతి. పండే ముందు, రంగు తర్వాత. ఇందులో సందేహం లేదు. 13వ శతాబ్ది చివర, స్పెయిన్ రాచకుటుంబం నుంచి వచ్చిన ఎలినోర్ రాణి కోసం ఒక స్పానిష్ ఓడ నుంచి కొన్ని నారింజలు కొన్నట్టు రాజుగారి లెక్కల్లో ఉంది. అంత అరుదైన పండు పేరుతో ఒక రంగును పిలవాలంటే ముందు ఆ పండు పదిమంది కంటా పడాలి గదా. 16వ శతాబ్ది తొలినాళ్ళలో బట్టల వివరాల్లో ఈ మాట రంగు పేరుగా కనిపించడం మొదలయింది. అంతకు ముందు ప్రాచీన ఇంగ్లీషులో పసుపెరుపు అని అర్థం వచ్చే సమాసం ఒకటి ఉండేది. లేదంటే ఉట్టి ఎరుపు అనేవారు. 14వ శతాబ్ది కవి చాసర్ ఒక నక్కను వర్ణిస్తూ దాని రంగు పసుపుకూ ఎరుపుకూ నడుమ ఉందని చెప్పవలసి వచ్చింది. రాబిన్ పిట్ట రొమ్ము చూస్తే ఎవరికైనా నారింజ రంగే కనిపిస్తుంది; ఇంగ్లీషులో మాత్రం దాన్ని ‘ఎర్రరొమ్ము’ అనే అంటారు. ఆ పిట్టకు పేరు పెట్టిన నాటికి వారి భాషలో ఈ రంగుకు విడిగా పేరు లేదు. ఎర్రజుట్టు, ఎర్రనక్క, ఎర్రఉడుత అన్న ఇంగ్లీషు మాటలన్నీ అదే కోవకు చెందినవి.

ఈ రంగుకు స్థిరమైన స్థానం కల్పించినవాడు న్యూటన్. గాజు పట్టకంలో విడిపోయిన వెలుగులో ఎక్కడా గీత గీసినట్టు హద్దులు ఉండవు. 1704లో వెలువడిన తన ‘ఆప్టిక్స్’ గ్రంథంలో ఆయన ఆ వెలుగును సంగీత స్వరాల అంతరాలతో పోల్చి ఏడుగా విభజించి, ఎరుపుకూ పసుపుకూ మధ్య ఆరెంజ్‌ను నిలబెట్టాడు. మన పాఠ్యపుస్తకాల్లో పిల్లలు ‘ఊ ఇ నీ ఆ ప నా ఎ’ అని వల్లించే వరుసలో ‘నా’ అన్న అక్షరం ఆయన విభజన నుంచి వచ్చినదే.